వేలానికి వచ్చిన పాత నీలాల కడియం: పాడమంటారా, వద్దంటారా?

వెన్నెల_లీడ్స్

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ వేదికలో చదువుతున్నాను గాని, రాయడం ఇదే మొదటిసారి. ఇంగ్లండులోని లీడ్స్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మాకు గంట దూరంలో ఉన్న ఒక వేలం సంస్థ వచ్చే గురువారం నగల వేలం పెడుతోంది. జాబితాలో 214వ నంబరు వస్తువు మీద నా మనసు పడింది. వాళ్లు రాసిన వివరణ ఇంతే: "వింటేజ్ బంగారు బ్రేస్‌లెట్, నీలాలు, వజ్రాలు, 15 సీటీ ముద్ర, బరువు 11.4 గ్రాములు, అంచనా 800 నుంచి 1,000 పౌండ్లు."

ఫొటోలు నాలుగు ఉన్నాయి, కింద పెడుతున్నాను. గొలుసులాంటిది కాదు, మన కడియంలా గట్టిగా ఉంటుంది. ఒక పక్క కీలు, ఇంకో పక్క నొక్కితే తెరుచుకునే నాలుక, దానికి చిన్న భద్రతా గొలుసు. పైభాగంలో ఐదు నీలాలు, వాటి మధ్య నాలుగు చిన్న వజ్రాలు. నడిమి నీలం పెద్దది, అంచులకు పోయేకొద్దీ చిన్నవి.

ఆస్పత్రిలో మోచేతి కింద ఏమీ ఉండకూడదని నియమం. గాజులు లేవు, గడియారం లేదు. ఆరేళ్లుగా నా చేతులు బోసిగానే ఉన్నాయి. సెలవు రోజున వేసుకోవడానికి నా సంపాదనతో ఒక్క మంచి వస్తువు కొనుక్కోవాలని కోరిక. అన్నీ కలిపి 1,300 పౌండ్లు దాటలేను. ఇది అసలైనదేనా, ఆ ధరకు తగినదేనా, ఏమేమి చూసుకోవాలి? తెలిసినవారు చెప్పండి.

పాతసరుకు_బర్మింగ్‌హామ్

వెన్నెల గారూ, నేను బర్మింగ్‌హామ్‌లో నగల పేటకు దగ్గరలోనే ఉంటాను. ఇరవై ఏళ్లుగా వేలాలకు వెళ్తున్నాను. ముందు ఆ వివరణలో మాటలను చదవడం నేర్చుకోవాలి.

"వింటేజ్" అన్న మాటకు కట్టుబాటు ఏమీ లేదు. ముప్పై ఏళ్ల వస్తువునూ అంటారు, వందేళ్ల వస్తువునూ అంటారు. వాళ్లకు కాలం మీద నమ్మకం ఉంటే "ఎడ్వర్డియన్" అని రాసేవారు. అంటే ఏడవ ఎడ్వర్డ్ రాజు కాలం, 1901 నుంచి 1910 వరకు. "ఎడ్వర్డియన్ శైలి" అని రాస్తే అర్థం పూర్తిగా మారిపోతుంది: ఆ పోలికతో తర్వాత ఎప్పుడో చేసినది అని. ఇక్కడ రెండూ రాయలేదంటే, వాళ్లు ఏ పూచీ తీసుకోలేదన్నమాట.

కాని ఆ 15 సీటీ, అంటే 15 కారట్ల ముద్ర మీకు మేలు చేస్తోంది. ఇంగ్లండులో 15 కారట్ల బంగారాన్ని 1854లో అనుమతించారు, 1932లో ఎత్తేశారు. 12, 15 కారట్ల స్థానంలో 14 వచ్చింది. అందుకని 15 ముద్ర నిజమైనదైతే వస్తువు 1932కు ముందుదే. పక్కన లంగరు గుర్తు, అంటే మా ఊరి బంగారం పరీక్షా కార్యాలయం ముద్ర కనిపించడం లేదని భయపడకండి. ఆ రోజుల్లో చాలా నగలకు ఆ ముద్ర తప్పనిసరి కాదు, చేసినవాడు తన ముద్ర వేసి అమ్మేవాడు. కాకపోతే అలాంటి ముద్రను ఎవరైనా, ఎప్పుడైనా కొట్టగలరు. బంగారాన్ని పరీక్షించారా లేదా అని సంస్థను రాతపూర్వకంగా అడగండి.

ఇక డబ్బు. పాట ముగిసి సుత్తి పడిన ధర మీరు కట్టే ధర కాదు. కొనుగోలుదారు రుసుము ఎంతో నిబంధనల పేజీలో చూడండి. ఆ రుసుము మీద మళ్లీ 20 శాతం వ్యాట్. ఇంకో వెబ్‌సైట్ ద్వారా పాడితే వాళ్ల వాటా వేరు.

వెన్నెల_లీడ్స్

చూశాను. రుసుము 25 శాతం. వ్యాట్‌తో కలిపితే 30 శాతం అవుతోంది. అంటే నా 1,300కి సుత్తి ధర సరిగ్గా 1,000 దగ్గర ఆగాలి. ఇది తెలియకపోతే 1,300 వరకూ పాడి ఉండేదాన్ని.

కంసాలివీధి

అమ్మా వెన్నెలా, మాది తెనాలి. తాత, తండ్రి, నేను, ముగ్గురం నగిషీ పని మీదే బతికాం. ఇప్పుడు కళ్లు సహకరించక పని మానేశాను గాని, నీ ఫొటోలను మనవడి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూశాను.

పని చాలా బాగుంది. నమ్మకంగా చెబుతున్నాను. కడియం లోపలి వైపు చూడు. ప్రతి రాయి వెనకా బంగారానికి కిటికీ కోశారు. పైకి కనిపించని చోట కూడా ఆ కిటికీల అంచులను ఆకురాయితో నునుపు చేశారు. అచ్చు పోసి తీసినదానిలో ఆ లోపలి వైపు గరుకుగా, చిన్న చిన్న గుంటలతో ఉంటుంది. ఇది చేత్తో చేసినది.

మన కుందనపు పొదుగులో రాయి వెనక మూసి ఉంటుంది, అడుగున రేకు మెరుస్తుంది. రాయి రంగు ఎంత, రేకు రంగు ఎంత అన్నది తీసి చూస్తే గాని తెలియదు. వీళ్లది వెనక తెరిచిన పని. వెలుగు రాయిలోంచి దూరి పోతుంది. రాయిలో లోపం ఉంటే దాచడానికి చోటు లేదు.

22 కారట్లు అలవాటైన మనకు 15 అంటే తక్కువగా వినిపిస్తుంది. కాని సన్నని గోళ్లతో రాయిని పట్టుకోవాలంటే మెత్తని బంగారం నిలవదు. 1963 జనవరిలో బంగారం నియంత్రణ వచ్చి, కొత్త నగలు 14 కారట్లకు మించకూడదన్నప్పుడు మా నాన్న చాలా కష్టపడ్డాడు. ఆకురాయి కింద బంగారం కరకరమంటోందని, సుత్తి కింద పగులుతోందని రోజూ చెప్పేవాడు. మా వీధిలో సగం కొలుములు ఆరిపోయాయి. అయినా ఆ రోజుల్లో ఆయన ఒక సంగతి నేర్చుకున్నాడు: కల్తీ ఎక్కువైన బంగారం వంగదు గాని, పట్టిన రాయిని వదలదు.

ఒక్క చోట మాత్రం నా కన్ను ఆగింది. కీలు ఎడమ వైపు ఉండేలా పట్టుకుంటే, ఎడమ నుంచి నాలుగో నీలం, అంటే పెద్ద నీలానికి కుడి పక్కది. మిగతా రాళ్ల గోళ్లు అరిగి గుండ్రంగా, రాయిలో కలిసిపోయినట్టు ఉన్నాయి. దీని గోళ్లు మందంగా, మొనలు నిలబడి ఉన్నాయి. మొదట్లో తెల్లగా ఒక గీత కూడా కనిపిస్తోంది. అది టంకం గీత. ఆ రాయిని తర్వాత ఎవరో మార్చారు. నువ్వు వెళ్లి కళ్లారా చూసుకో.

శారద_కాకినాడ

అమ్మాయీ, అందరూ బంగారం సంగతి చెబుతున్నారు, నేను వేరే సంగతి చెబుతాను. నీలం శనికి చెందిన రాయి. పడినవాళ్లకు అందలం ఎక్కిస్తుంది, పడనివాళ్లకు వారం తిరక్కుండానే తెలిసిపోతుంది అంటారు. మా ఇంట్లో ఎవరూ జాతకం చూపించుకోకుండా నీలం ముట్టుకోరు. పైగా ఎవరు వేసుకున్న నగో, ఏ పరిస్థితుల్లో అమ్ముకున్నారో తెలియదు. మూడు రాత్రులు నీలిరంగు గుడ్డలో కట్టి తలగడ కింద పెట్టుకుని చూడమంటారు పెద్దలు. వేలంలో ఆ వీలు ఉండదు కదా. నీ మంచి కోరి రాస్తున్నాను.

వెన్నెల_లీడ్స్

శారద గారూ, మీ మాట మా అమ్మ మాటలాగే ఉంది. ఫోనులో ఎప్పుడూ "బోసి చేతులతో కనిపించకు" అనే అమ్మే, నీలం అనగానే "ఇంకే రాయీ దొరకలేదా" అంది. జాతకం చూపించి చెబుతానంది. అమ్మ ఒప్పుకోకపోతే వేసుకున్నా నాకు తృప్తి ఉండదు. అందుకని ఆ మాట కొట్టిపారేయడం లేదు.

కంసాలివీధి గారూ, మీరు చెప్పాక ఫొటో మళ్లీ చూశాను. నిజమే, ఆ రాయి రంగు కూడా వేరు. తక్కినవి ఆకాశంలా లేతగా, ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. అది ఒకే తీరుగా ముదురు నీలం. మంగళవారం చూపు రోజు, అంటే వేలానికి ముందు వస్తువులు చూసుకునే రోజు ఉంది, వెళ్తాను. అక్కడ ఏమి చూడాలో ఎవరైనా చెప్పగలరా?

రత్నపరీక్ష_జైపూర్

వెన్నెల గారూ, నేను జైపూర్ జోహరీ బజారులో రాళ్లు పరీక్షించే పనిలో ఉన్నాను. మీ ప్రశ్న నా పనికి సంబంధించినది కాబట్టి కొంచెం విడమరచి రాస్తాను.

నీలం అంటే కురువిందం, అంటే స్ఫటికమైన అల్యూమినియం ఆక్సైడ్. దానిలో ఇనుము, టైటానియం జాడలు చేరితే నీలి రంగు వస్తుంది. గట్టిదనంలో వజ్రం తర్వాతి మెట్టు, మోహ్స్ కొలతలో 9. ఇదంతా గని రాయికి ఎంత నిజమో, కొలిమిలో పుట్టిన రాయికీ అంతే నిజం. చిక్కంతా అక్కడే ఉంది.

పాత నగలో కృత్రిమ రాయి ఉండదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగ్యుస్త్ వెర్నుయ్ కృత్రిమ కెంపును 1902లో ప్రకటించాడు. 1910 ప్రాంతానికల్లా అదే పద్ధతిలో నీలం కూడా వచ్చింది. సన్నని అల్యూమినియం ఆక్సైడ్ పొడిని రెండు వేల డిగ్రీలు దాటిన మంటలోంచి రాలుస్తారు. కరిగిన చుక్కలు కింద తిరిగే కడ్డీ మీద ఒకదాని మీద ఒకటి గడ్డకట్టి, కొన్ని గంటల్లో మొగ్గ ఆకారపు స్ఫటికం తయారవుతుంది. 1920ల నుంచి 1940ల వరకు యూరప్‌లో పెద్ద పెద్ద పనివాళ్లు కూడా, చిన్న రాళ్లు ఒకే కొలతలో, ఒకే రంగులో కావలసినప్పుడు వీటిని వాడారు. అప్పట్లో అది మోసం కాదు, కొత్త వస్తువు. నగ వయసు బంగారం చెబుతుంది. రాయి సంగతి రాయినే అడగాలి.

ఎలా అడగాలి అంటే, చుక్కలు గుండ్రని తల మీద పేరుకుంటాయి కాబట్టి, కృత్రిమ నీలం లోపల రంగు పట్టీలు వంపు తిరిగి ఉంటాయి. గ్రామఫోను రికార్డు మీది గీతల్లాగా. భూమిలో పెరిగిన రాయికి ఆరు పక్కల స్ఫటిక రూపం ఉంటుంది. దానిలో రంగు పట్టీలు తిన్నగా సాగి, తేనెపట్టు గది మూలలా కోణంలో మలుపు తిరుగుతాయి. పది రెట్ల భూతద్దం తీసుకెళ్లండి. కడియం వెనక తెరిచి ఉంది కాబట్టి అడుగున తెల్ల కాగితం పెట్టి, కాగితం మీదికి వెలుగు వేసి, రాయిని మెల్లగా అటూ ఇటూ వంచుతూ చూడండి. తళుకు మీద కాదు, రాయి లోతులో చూపు నిలపాలి. తొందరపడితే ఏమీ కనిపించదు.

లోపల పట్టుదారం పోగుల్లాంటి తెల్లని సన్నని సూదులు కనిపిస్తే సంతోషించండి. అవి రూటైల్ అనే ఖనిజం. శ్రీలంక నీలాల్లో తరచుగా ఉంటాయి. బాగా వేడి చేసిన రాయిలో అవి కరిగి చెదిరిపోతాయి. 1970ల నుంచి, శ్రీలంకలో దొరికే గ్యూడా అనే పాలరంగు రాళ్లను థాయిలాండ్‌లో కాల్చి నీలాలుగా మార్చడం పెద్ద వ్యాపారమైంది. సూదులు చెక్కుచెదరకుండా ఉన్నాయంటే ఆ రాయి ఆ కొలిమి చూడలేదని చెప్పుకోవచ్చు.

అక్కడ ఎవరైనా కాశ్మీర్ నీలం అన్న మాట తెస్తే వినకండి. హిమాలయాల్లో పాడర్ ప్రాంతంలో 1881 ప్రాంతంలో కొండచరియ విరిగిపడి బయటపడిన ఆ గని మేలు సరుకు కొద్ది ఏళ్లలోనే అయిపోయింది. ఆ పేరు ప్రయోగశాల పత్రం మీద ఉంటేనే విలువ, నోటి మాటకు విలువ లేదు.

శారద గారి మాటకు ఒక్కటి చేరుస్తాను. శని కోసం పెట్టుకునేవారు మా దగ్గరికి వచ్చి, సహజమైన రాయేనా అని ముందు తేల్చుకుంటారు. కాబట్టి ఏ దారిన చూసినా పరీక్ష తప్పదు.

లెక్కలమాస్టారు

నాకు రాళ్ల గురించి తెలియదు, లెక్క తెలుసు. మొత్తం బరువు 11.4 గ్రాములు. రాళ్లకు సుమారు 0.6 తీసేస్తే బంగారం 10.8. పదిహేను కారట్లు అంటే 62.5 శాతం. అసలు మేలిమి 6.75 గ్రాములు. ఆ రోజు ధరతో గుణించి కాగితం మీద రాసుకోండి. ఎంత చెడ్డా ఆ కడియంలో ఉండే గట్టి విలువ అదే. దానికి మించి పెట్టేది అంతా ఇష్టం కోసం పెట్టేదే. రేపు అమ్మబోతే వేలం సంస్థ అమ్మేవారి దగ్గరా కమీషన్ తీసుకుంటుంది. అదే డబ్బుకు 22 కారట్ల సాదా గాజులు కొనుక్కుంటే ఆపదలో అక్కరకొస్తాయి. మార్చిన రాయి ఉన్న వస్తువుకు మూడో వంతు విలువ పోయినట్టే.

పాతసరుకు_బర్మింగ్‌హామ్

మాస్టారూ, మీ బంగారం లెక్క సరిగ్గా ఉంది. ప్రతి కొనుగోలుదారూ ఆ లెక్క వేసుకోవాలి. కాని "మూడో వంతు" అన్నది ఒప్పుకోలేను. అలాంటి స్థిరమైన లెక్క వేలంలో లేదు. మార్చిన రాయి నడిమిది అయితే దెబ్బ పెద్దది. పక్కది, అదీ చిన్నది అయితే, చెప్పి అమ్మితే తగ్గేది కొంతే. చెప్పకుండా అమ్మితేనే నేరం. ఈ కడియాలు వందేళ్ల నుంచి చేతులు తలుపులకు తగులుతూ, బల్లలకు తగులుతూ వస్తున్నాయి. ఒక్క రాయి కూడా పోకుండా నిలిచినవి నేను చూసిన వాటిలో తక్కువ.

కరిగించిన విలువకే నగను తూచే అలవాటు వల్ల ఎంత మంచి పని కొలిమిలో పోయిందో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. బంగారం ధర పెరిగిన ప్రతిసారీ ఇలాంటివి గుత్తగా కరిగిస్తారు. రాళ్లు గిల్లి పక్కన పడేసిన ఖాళీ చట్రాలను మా పేటలో పెట్టెల నిండా చూశాను. వెన్నెల గారు పాడకపోతే ఇదీ అక్కడికే చేరవచ్చు.

లెక్కలమాస్టారు

మీ బాధ అర్థమైంది. మూడో వంతు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాగితం మీద గీత గీసుకుని దాన్ని దాటవద్దన్నదే నా మాట.

కంసాలివీధి

అమ్మా, చూపు రోజున ఇంకో మూడు చూడు. కడియాన్ని తెరిచి సగం సగం పట్టుకుని మెల్లగా ఊపు. కీలులో సీల అరిగితే పక్కలకు ఆడుతుంది. పైకీ కిందికీ ఆడితే పరవాలేదు, పక్కలకు ఆడకూడదు. తర్వాత నాలుక లోపలికి వెళ్లేటప్పుడు టిక్కుమని శబ్దం రావాలి. శబ్దం లేకుండా దూరిపోతే దానిలో స్ప్రింగు గుణం చచ్చిపోయిందని అర్థం. మూడోది, మూసిన కడియాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టు. రాయి వదులైతే గలగలమంటుంది. చెవికి తెలిసినంత త్వరగా కంటికి తెలియదు.

వెన్నెల_లీడ్స్

చూసి వచ్చాను. మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

చిన్న గది, పొడుగాటి బల్ల, పైన పచ్చని బట్ట. అద్దాల పెట్టెలోంచి 214 తీసి ఒక పళ్లెంలో పెట్టి ఇచ్చారు. చేతిలోకి తీసుకోగానే చల్లగా ఉంది. నేను అనుకున్నదానికన్నా తేలిక. లోపలి వైపు వేలు పెట్టి రాశాను. కంసాలివీధి గారు చెప్పిన కిటికీల అంచులు వేలికి ఎక్కడా గీసుకోలేదు. చర్మానికి ఆనే చోట బంగారం మెత్తగా అరిగి అద్దంలా ఉంది. ఎవరో ఏళ్ల తరబడి రోజూ వేసుకున్న కడియం ఇది.

కీలు పక్కలకు ఆడలేదు. నాలుక టిక్కుమంది. చెవి దగ్గర తట్టితే శబ్దం లేదు. భద్రతా గొలుసులో ఒక లింకు మాత్రం తెల్లగా ఉంది, అతికించినది.

తర్వాత తెల్ల కాగితం, భూతద్దం. మొదటి పది నిమిషాలు తళుకు తప్ప ఏమీ కనిపించలేదు. చేతులు వణుకుతున్నాయని మోచేతులు బల్లకు ఆనించాను. మందు చుక్కలు లెక్కపెట్టేటప్పుడు అలాగే చేస్తాను. అప్పుడు కనిపించింది. నడిమి నీలంలో లేత, ముదురు పట్టీలు తిన్నగా వచ్చి ఒక మూలలో కలుసుకున్నాయి. ఎడమ చివరి రాయిలో వెంట్రుకకన్నా సన్నని తెల్లని పోగులు, మూడు వైపులకు. నాలుగో రాయిలో ఆ మూలలు లేవు. చాలాసేపు వంచి వంచి చూస్తే, ఒక్క కోణంలో వంపు తిరిగిన నీడల్లాంటివి తోచాయి. కచ్చితంగా చెప్పలేను. కాని దాని అంచులు పదునుగా ఉన్నాయి. మిగతా నాలుగింటి అంచులు కాస్త అరిగి తెల్లబారాయి.

సంస్థవాళ్లను అడిగాను. బంగారం పరీక్షించామని, 15 కారట్లకు సరిపోయిందని రాసి ఇచ్చారు. రాళ్లను పరీక్షించలేదన్నారు.

రత్నపరీక్ష_జైపూర్

వెన్నెల గారూ, తొలిసారి భూతద్దం పట్టినవారు ఇంత చూడడం చాలా అరుదు. మీరు చూసినదాన్ని బట్టి నాలుగు సహజమైనవి, ఒకటి కృత్రిమం కావచ్చు. స్పైనెల్ అనే వేరే రాయి, అదీ కృత్రిమంగా చేసినది కూడా కావచ్చు. కోబాల్టుతో రంగు వేసిన నీలి స్పైనెల్‌ను 1930ల నుంచి నీలానికి బదులు బాగా వాడారు. చెల్సీ ఫిల్టర్ అనే ఆకుపచ్చ గాజు బిళ్లలోంచి చూస్తే అది ఎర్రగా కనిపిస్తుంది. వెలుగు రాయిలో ఎంత వంగుతుందో చెప్పే వక్రీభవన సూచికతోనూ దొరికిపోతుంది: నీలానికి 1.76 పైన, స్పైనెల్‌కు 1.73 దగ్గర. ప్రయోగశాలకు అది నిమిషం పని.

మిగతా నాలుగు ఎక్కడివై ఉండవచ్చో కూడా చెప్పాలనిపిస్తోంది. ఆ కాలంలో ఇంగ్లండుకు శ్రీలంక నీలాలే ఎక్కువ వచ్చేవి. అమెరికాలో మొంటానా రాష్ట్రంలోని యోగో లోయ గని కూడా అప్పుడు ఇంగ్లీషు కంపెనీ చేతిలోనే ఉండేది. యోగో నీలాలు చిన్నవి, పలచనివి, పుట్టుకతోనే ఒకే తీరు నీలం, వేడి అక్కరలేనివి. అయితే మీరు చెప్పిన పట్టీలు, పోగులు శ్రీలంక వైపు మొగ్గుతున్నాయి.

శారద_కాకినాడ

చదువుతుంటే నాకే చేతిలో పట్టుకున్నట్టుంది. వజ్రాలు ఎలా ఉన్నాయమ్మా? మా అత్తగారి బేసరిలో బ్లూజాగర్ రవ్వలు ఉండేవి, ఆ మెరుపు ఇప్పటి రవ్వలకు లేదు.

పాతసరుకు_బర్మింగ్‌హామ్

శారద గారూ, ఆ బ్లూజాగర్ అన్న మాట దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫోంటైన్ గని పేరు నుంచి వచ్చింది. ఆ గని వజ్రాలు కొంచెం నీలి చాయతో ఉండేవి. మన ఇళ్లలో ఇప్పటికీ ఆ పేరు బతికి ఉండడం నాకు ఎంతో ఇష్టం. ఫొటోలో ఈ కడియం వజ్రాలు పాత కోతవే. నడుమ చిన్న చుక్కలా కనిపించేది అడుగు మొనను చదును చేసిన చోటు. దీపం వెలుగులో మెరవడానికి కోసిన రాళ్లు అవి.

ప్రవాసి_హైదరాబాద్

ఒక చిన్న మాట. ఇండియాకు వేసుకొస్తే, ఏడాదికి పైగా విదేశంలో ఉన్న మహిళకు 40 గ్రాముల వరకు నగలకు సుంకం మినహాయింపు ఉంది. మీది 11.4 గ్రాములే. అయినా ప్రయాణానికి ముందు ఆనాటి నిబంధనలు చూసుకుని, వేలం రసీదు దగ్గర ఉంచుకోండి.

వెన్నెల_లీడ్స్

అమ్మ ఫోను చేసింది. జాతకం చూపించిందట, దోషం లేదన్నారట. "నువ్వు కష్టపడి కొనుక్కునేదానికి నేను అడ్డు రాను" అంది. ఆ మాటకు ఏడుపు వచ్చింది.

గురువారం రాత్రి డ్యూటీ. పగలు నిద్ర మానుకుని వేలానికి వెళ్తాను. కాగితం మీద గీత గీశాను, మాస్టారూ. 1,000.

వెన్నెల_లీడ్స్

వచ్చింది! 214 నాదే!

పాట 600 దగ్గర మొదలైంది. 650, 700 అంటూ గదిలో ఒక పెద్దాయన, ఫోనులో ఇంకెవరో పాడారు. నేను 800 వరకు చెయ్యి ఎత్తలేదు, ఎత్తాలన్నా ఎత్తలేకపోయాను. 850 నాది. ఫోను 900. నేను 950. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. ఫోను పట్టుకున్న అమ్మాయి ఏదో గుసగుసలాడి తల అడ్డంగా ఊపింది. వేలంపాటగాడు గదంతా ఒకసారి చూసి సుత్తి వేశాడు. 950కి రుసుము, వ్యాట్ 285. మొత్తం 1,235 పౌండ్లు. గీతకు ఈవలే ఉన్నాను.

లెక్కలమాస్టారు

శుభం తల్లీ. గీత దాటలేదు, చాలా సంతోషం.

శారద_కాకినాడ

సుఖంగా వేసుకో. శనివారం మాత్రం మొదలుపెట్టకుండా మంచిరోజు చూసుకో.

కంసాలివీధి

దీర్ఘాయుష్మతీ భవ. వేసుకున్న చేతి ఫొటో పెట్టమ్మా.

వెన్నెల_లీడ్స్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. రాళ్ల పరీక్ష పత్రం ఇవాళ వచ్చింది. నాలుగు నీలాలు సహజమైనవి, వేడి చేసిన ఆనవాళ్లు కనిపించలేదు. కుడి వైపు రెండోది, మంటలో కరిగించే పద్ధతిలో చేసిన కృత్రిమ నీలం. స్పైనెల్ కాదు. జైపూర్ గారు, తెనాలి గారు ఇద్దరూ చెప్పింది చెప్పినట్టే తేలింది.

ఇప్పుడు ఒకటే ప్రశ్న. దాన్ని తీసేసి సహజ నీలం పెట్టించమంటారా? ఇక్కడ ఒక దుకాణంలో అడిగితే చేస్తామన్నారు.

రత్నపరీక్ష_జైపూర్

రంగు, కొలత కుదిరే వేడి చేయని చిన్న నీలం దొరుకుతుంది. కావాలంటే నేనే వెతికి పెడతాను. కాని తీయాలా వద్దా అన్నది బంగారం పనివారు చెప్పాల్సిన మాట.

కంసాలివీధి

వద్దమ్మా. నా మాట విను.

ఆ రాయి తీయాలంటే నాలుగు గోళ్లను వెనక్కి వంచాలి. అవి తర్వాత పెట్టినవి, కాస్త దృఢంగా ఉన్నాయి గాని, వాటి మొదట్లో టంకం ఉంది. టంకం దగ్గర వంగితే అక్కడే తెగుతుంది. తెగితే మళ్లీ కాల్చి అతకాలి. రెండు పక్కలా వజ్రాలు, ఎడమ వజ్రానికి అవతలే నీ పెద్ద నీలం. నీలం గట్టిదే, కాని లోపల నెరియ ఉంటే మంట వేడికి చిట్లుతుంది. నీ మంచి రాళ్లలో ఉన్న ఆ పోగులు, పట్టీలు, వాటి విలువంతా మంట తగలకపోవడంలోనే ఉంది. ఒక చిన్న రాయి కోసం వాటి పక్కన కొలిమి పెట్టకు. ఎప్పుడైనా గోరు వదులైతే, అప్పుడు పని తెలిసినవారికి ఇచ్చి, రాళ్లు పరీక్షించి చేయించుకో. అప్పటికి జైపూర్ గారి రాయి ఎక్కడికీ పోదు.

ఆ పాత పనివాడు కూడా తక్కువవాడు కాదు. పోయిన రాయి గుంట కొలతకు రాయి తెచ్చి, కొత్త గోళ్లు నిలిపి, పక్క రాళ్లకు దెబ్బ తగలకుండా పని ముగించాడు. అతని చేతిని కూడా అక్కడ ఉండనీ.

వెన్నెల_లీడ్స్

అలాగే ఉంచేస్తాను. ఇంక తీయించను. కడగడం ఎలాగో కూడా మీరే చెప్పండి. ఆదివారం వేసుకుని పిండి కలిపాను, గోళ్ల మధ్య తెల్లగా ఇరుక్కుంది.

కంసాలివీధి

పిండి కలిపేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవాలి తల్లీ. సరే, గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పొయ్యి, రెండు చుక్కల సబ్బు వెయ్యి. పది నిమిషాలు నాననిచ్చి, పసిపిల్లల మెత్తని పళ్ల కుంచెతో వెనక కిటికీల వైపు నుంచి నెమ్మదిగా రుద్దు. పై నుంచి రుద్దితే మురికి లోపలికే పోతుంది. దుకాణాల్లో ధ్వని తరంగాలతో కడిగే యంత్రంలో మాత్రం వెయ్యనివ్వకు, వదులుగా ఉన్న గోరు ఇంకా వదులవుతుంది. నూలు గుడ్డ మీద బోర్లా పెట్టి రాత్రంతా ఆరనివ్వు. నాలుక దగ్గర తడి ఉండిపోకుండా తెరిచే ఆరబెట్టు. వేసుకునేటప్పుడు గొలుసు పట్టుకుని లాగకుండా, రెండు వేళ్లతో నాలుక నొక్కి తెరువు. లాగితే ఆ అతికించిన లింకు అక్కడే మళ్లీ తెగుతుంది.